తడి చేతికి తగిలిన ఊపిరి

కుక్కకు వాత పెడుతున్నారని తెలిసి, చేతిలో సుద్దముక్కతోనే బడి నుంచి ఇంటికి పరుగెత్తాను. డెబ్బైల మొదటి సంవత్సరాలు. మాదాపూర్ అప్పుడు గుట్టల మధ్య ఒదిగిన చిన్న ఊరు. నేను అక్కడి ప్రాథమిక పాఠశాలలో పంతులమ్మను. మా ఆయన సైకిలు మీద బాలానగర్ ఫ్యాక్టరీకి వెళ్లి వచ్చేవాడు. మేము కిరాయికున్న ఇల్లు ఒక పెద్దావిడది. ఆమెకు భర్త పోయాడు, పిల్లలు లేరు. మేకల మంద ఉంది, ఆ మందను కాసే కుక్క ఉంది. ఎర్రమట్టి రంగు ఆడకుక్క. ఊరంతా దాన్ని ‘ఎర్రది’ అనే పిలిచేది.

ఇంటి వెనక పొయ్యిలో కొడవలి కాలుతోంది. ఎర్రదాని మూతికి తాడు చుట్టి ఉంది. దాని పొట్ట కింద, చన్నుల వరసలో చివర, ఒక గడ్డ. మొదట నిమ్మకాయంత ఉండేది, తర్వాత బత్తాయంత అయింది. ఈమధ్యే చర్మం పగిలి రసి కారుతోంది. వీపు మీద వాతలు పెడితే రోగం పారిపోతుందట. వాతలు పెట్టే ఆయన పక్క ఊరివాడు. మనిషికీ పశువుకూ అదే కొడవలి. బీడీ కాలుస్తూ తీరిగ్గా కూర్చున్నాడు.

“ఆపండి” అన్నాను. “రోగం ఒకచోట ఉంటే నిప్పు ఇంకోచోట పెడతారా? మీ కాలికి ముల్లు గుచ్చుకుంటే వీపు మీద వాత పెట్టించుకుంటారా?”

“వచ్చిందయ్యా ఆంధ్రా పంతులమ్మ!” అన్నాడాయన బీడీ తీయకుండానే. “నీ లెక్కలు బడిల పోరగాండ్లకు చెప్పుకో పో. మా తాత పెట్టిండు, మా అయ్య పెట్టిండు, నేను పెడుతున్న. ఒక్కటన్న సచ్చిందని ఎవలన్న వచ్చి చెప్పిండ్రా?”

“చచ్చినవి వచ్చి చెప్పవు గదా!”

ఏడుపు మొహంతో ఉన్న మా ఇంటి పెద్దావిడ కూడా నవ్వింది. “మీ ఇద్దరి పంచాయితీల నా కుక్క సస్తది” అంది.

“దవాఖానకు తీస్కపోదాం పెద్దమ్మా. కోసి తీసేస్తారు.”

అప్పుడు వాతలాయన బీడీ తీశాడు. “కోస్తరు. కొయ్యాలంటె మత్తిస్తరు. మత్తిచ్చిన కుక్క మల్ల లేస్తదా? అడుగు, నీ పంతులమ్మ గ్యారంటీ ఇస్తదేమో అడుగు. నేనైతె ఇస్త.”

పెద్దావిడ నా వైపు తిరిగింది. “లేస్తదా బిడ్డా?”

“లేస్తుంది పెద్దమ్మా” అన్నాను.

ఆమె కొడవలి మీద చెంబుడు నీళ్లు పోసింది. అది బుస్సుమంది. వాతలాయన లేచి, పంచె దులుపుకొని వెళ్లిపోయాడు.

ఆ నీటి చప్పుడు వినపడ్డాకే నేను అన్న మాట బరువు నాకు తెలిసింది. ఆమె రోజూ మేకల్ని గుట్టల్లోకి తోలుకుపోయేది. అక్కడ నక్కలుండేవి, అప్పుడప్పుడు తోడేలు జాడ కూడా కనపడేది. ఆమె ఒక బండ మీద కూర్చుంటే ఎర్రది మంద చుట్టూ తిరిగి, దారి తప్పిన మేకను తెచ్చి మందలో కలిపేది. సాయంత్రం దాకా ఆమె మాట్లాడేది ఆ కుక్కతోనే. వానల మీద ఫిర్యాదు, ఆడబిడ్డ మీద కోపం, పంతులమ్మ వంటలో ఉప్పు తక్కువన్న సంగతి, అన్నీ దానికే. అది పోతే ఆమె ఒంటరిగా గుట్టెక్కలేదు. మేకల్ని అమ్ముకోవాల్సిందే. ఇక నా మాట నమ్మి ఆ ఊళ్లో మరొకరు తమ జీవాన్ని దవాఖానకు తీసుకుపోరు. కొడవళ్లు మళ్లీ కాలుతాయి.

పైగా మత్తు అంటే ఏమిటో నేనెన్నడూ చూడలేదు.

నేను చర్చల్లో పెరిగిన దాన్ని. మా నాన్న కోస్తాలో సంస్కరణ సభలు నడిపేవాడు. వేదిక మీద ఒకవైపు శాస్త్రులు, ఒకవైపు మావాళ్లు, కింద ఊరంతా. ఆత్మ ఉందా లేదా అన్నది అక్కడ అందరికీ ఇష్టమైన చర్చ. లంగా ఓణీ వయసులో నేనొకసారి లేచి, “గాఢనిద్రలో మీ ఆత్మ ఎక్కడికి పోతుందండీ? పోకపోతే, అది మెలకువగా ఉండి మీకెందుకు చెప్పదు?” అని అడిగాను. చప్పట్లు మోగాయి. మా నాన్న కళ్లు మెరిశాయి. ఆ ప్రశ్నతో నేను చాలాకాలం గెలుస్తూ వచ్చాను. అడగడం వచ్చిన ప్రశ్నకు జవాబు కూడా నా దగ్గరే ఉందనిపించేంతగా గెలిచాను.

బాలానగర్ దారిలో ఒక పశువుల దవాఖాన ఉండేది. ఊళ్లో టాంగా ఉన్న ముసలాయన మమ్మల్ని తీసుకెళ్లాడు. అక్కడి డాక్టరు నడివయసు మనిషి, కళ్లద్దాలు ముక్కు చివరికి జారి ఉంటాయి. గడ్డ జోలికి పోకుండా ముందు ఎర్రదాని ఛాతీ మీద గొట్టం ఆనించి చాలాసేపు విన్నాడు. పెదవి ఎత్తి చిగుళ్ల రంగు చూశాడు. చిగురును వేలితో నొక్కి వదిలి, తెల్లబడ్డచోట మళ్లీ ఎరుపు ఎంత తొందరగా వస్తుందో చూశాడు.

“గడ్డ ఈడున్నది సారూ” అంది పెద్దావిడ, ఆయనకు కనపడలేదేమోనని.

“చూసినమ్మా. గడ్డను కోసుడు అల్కటి పని. గుండె మత్తుకు ఆగుతదా లేదా, అది చూస్తున్న.” గొట్టం మెడలో వేసుకున్నాడు. “మంచిగనే ఉన్నది. తీసేద్దాం.”

“మత్తిస్తె లేస్తదా సారూ?”

“లేపాలనే పండుకోబెడ్త. మాట మాత్రం ఇయ్యలేను.”

నాకు చుర్రుమంది. చదువులేని వాతలాయన గ్యారంటీ ఇచ్చాడు. నేను ఇచ్చాను. చదువుకున్న ఆయన ఇవ్వనంటాడు! పెద్దావిడ మాత్రం ఆయన మొహంలోకి కాసేపు చూసి తల ఊపింది. “సోమవారం తీస్కరండి. ముందురోజు రాత్రి నుంచి ఏమీ పెట్టొద్దు. కడుపు ఖాళీగ ఉండాలె” అన్నాడాయన.

ఊళ్లో ఆ కబురు తమాషాగా పాకింది. నేను ఉపవాసాల మీద నిప్పులు చెరిగిన దాన్ని. ఆకలితో మాడిన ఆడదాని మొహం చూసి సంతోషించే దేవుడు దేవుడెలా అవుతాడని పత్రికల్లో రాశాను, వీధి అరుగుల మీద వాదించాను. గర్భిణులు కూడా శనివారాలంటూ పస్తులుంటుంటే వాళ్ల అత్తలతో పోట్లాడాను. అటువంటిది నేనుండే ఇంట్లో, శివుడికిష్టమైన సోమవారం నాడు, ఒక కుక్క ఒక్కపొద్దుంటోంది. “పంతులమ్మ మనుషులను తినమంటది, కుక్కను పస్తు పెడుతది” అని బావి దగ్గర ఆడవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను.

సోమవారం పొద్దున టాంగాలో ఎర్రది పెద్దావిడ ఒడిలో పడుకుంది. దవాఖానలో డాక్టరు చేతులు కడుక్కుంటూ అడిగాడు.

“ఏమన్న తిన్నదా?”

“లేదు సారూ. ఒక్క మెతుకు ముట్టలె. పక్కా ఒక్కపొద్దు.”

ఆయన చేతులు ఆగాయి. “ఒక్కపొద్దా? మరి పాలు?”

“పాలు తాపిన. పాలు గుడ లేకపోతె ఎట్లుంటది?”

“ఇంకా?”

“అరటిపండు పెట్టిన. గంతే. అన్నం పొంటి పోనియ్యలె, నీ మీద ఒట్టు.”

ఆయన తువ్వాలు తీసుకొని చేతులు తుడుచుకున్నాడు. అంటే ఇవాళ పని లేదని.

“పెద్దమ్మా! కడుపు ఖాళీగా ఉండాలన్నారు గదా!” అని అరిచాను.

ఆమె నా మీద విరుచుకుపడింది. “నువ్వు జిందగీల ఎన్నడన్న ఒక్కపొద్దున్నవా పంతులమ్మా? ఉన్నోళ్లకు తెలుస్తది. ఒక్కపొద్దుల పాలు తాగుతరు, పండు తింటరు. శివునికే లేని అభ్యంతరం ఈ సారుకెందుకు?”

ఆమె లెక్కలో తప్పేమీ లేదు. ఉపవాసమంటే అన్నం ముట్టకపోవడం. పాలూ పండూ తిండి కిందికి రావు. తన కుక్క చేత ఆమె శాస్త్రోక్తంగా ఉపవాసం చేయించింది. పొరుగింటి కుక్క ఎంగిలి విస్తరి లాక్కొస్తే కర్రతో తరిమిందట కూడా.

డాక్టరు కోప్పడలేదు. “ఇది ఈమె ఒక్కదాని సంగతి కాదు టీచరమ్మా. అందుకే తిన్నదా అని అడిగి ఊకోను. పాల దాక, పండు దాక అడుగుత” అని, పెద్దావిడ పక్కన బల్ల మీద కూర్చున్నాడు. “చూడమ్మా. గొంతుల రెండు తొవ్వలుంటయి. ఒకటి కడుపుకు, ఒకటి ఊపిరికి. నడుమ ఒక కాపలావాడుంటడు. మెతుకు ఊపిరి తొవ్వల పడకుంట చూస్తడు. పొరపాటున పడితె దగ్గు తెప్పించి బయటికి తోస్తడు. మత్తిచ్చినమనుకో, కుక్కతోని ఆ కాపలావాడు గుడ పంటడు. అప్పుడు కడుపుల పాలు ఎనక్కి తన్నుకొస్తె?”

“ఊపిరి తొవ్వల పడతయి” అంది ఆమె మెల్లగా.

“పడితె నేను ఎంత మంచిగ కోసినా ఫాయిదా లేదు.”

ఆమె ఎర్రదాని గొంతు మీద చెయ్యి పెట్టింది. ఆ గొంతులో ఒకడు కూర్చుని ఉన్నాడని అప్పుడే తెలిసినట్టు. ఎల్లుండి రమ్మన్నాడు డాక్టరు.

తిరుగు దారిలో టాంగా ముసలాయన సంగతంతా విని పకపకా నవ్వాడు. “అరె అమ్మా, గదేం ఉపవాసం! పాలు, పండ్లు, మేవా... పస్తా, దావతా? కుక్కకు ఒక్కపొద్దు కాదు, మా రంజాన్ల లెక్క రోజా పెట్టియ్యి. పొద్దుగుంకే దాక ఉమ్మి గుడ మింగం మేము.”

“గట్ల చెప్పు మరి. గిప్పుడు సమజైంది” అందామె. “పంతులమ్మ ఇంగ్లీషు సదివింది గని రోజా అని ఒక్క మాట చెప్పరాలె.”

బుధవారం ఆమె పెట్టించిన రోజాకు మసీదు పెద్దలు కూడా వంక పెట్టలేరు. మంగళవారం సాయంత్రమే కుక్కకు గంజి పట్టించి, తన గదిలో కట్టేసి, గిన్నెలన్నీ బోర్లించింది. నీళ్లు మాత్రం డాక్టరు తెల్లవారేదాకా ఇవ్వొచ్చన్నాడు గనుక ఇచ్చింది, ఆ తర్వాత కుండ కూడా దాచింది. తానూ ఏమీ తినలేదు, తాగలేదు.

“మీరెందుకు పెద్దమ్మా పస్తు?”

“దాని ముందట కూసొని నేను మెక్కితె అది నా నోరు జూస్తది. నీకెందుకు ఫికర్? నీ కాయితాలల్ల రాసుకో, ముసలిది మూఢనమ్మకమని.”

రాయడానికేమీ దొరకలేదు. వంట వాసన తగిలితే కుక్క అల్లాడుతుందని ఆ పొద్దున నేనూ పొయ్యి వెలిగించలేదు. టాంగా ఎక్కుతుంటే ముసలాయన నా మొహం చూసి, “పంతులమ్మ గారు గుడ రోజానా?” అన్నాడు. నేను ఎటో చూశాను. పెద్దావిడ కొంగు చాటున ఒక ఇత్తడి చెంబు పట్టుకుంది. నిండా నీళ్లు. దాహానికేమో అనుకున్నాను.

డాక్టరు ముందు తూకం వేయాలన్నాడు. దాణా బస్తాలు తూచే కాంటా మీద ఎర్రది నిలబడలేదు. పెద్దావిడను కుక్కతో ఎక్కించి, తర్వాత ఆమెను ఒక్కదాన్నే ఎక్కించాడు. “నా తూకం ఎందుకు సారూ, ఊరందరి ముందట!” అని ఆమె సిగ్గుపడింది.

“తీసేసేటందుకమ్మా. మత్తు నీకు గాదు” అన్నాడాయన. నా వైపు తిరిగి చెప్పాడు: “బక్క కుక్క ఇది. ఈ మందు పోయి కొవ్వుల దాక్కుంటది. కొవ్వు లేని ఒంట్ల దానికి దాక్కునే జాగ లేదు, నెత్తురులనే తిరుగుతది. అందుకే దీనికి తక్కువ ఇయ్యాలె, ఆగి ఆగి ఇయ్యాలె. లేచుడు గుడ ఆలస్యమైతది.”

పెద్దావిడ గది బయట వరండాలో కూర్చుంటానంది. నన్ను లోపలికి తోసింది. “నువ్వు చూడు. లేస్తదని నువ్వే అన్నవు.”

సీసాలో లేత పసుపు పొడి. నీళ్లు కలిపితే కరిగింది, సన్నగా వెల్లుల్లి వాసన వేసింది. కాంపౌండరు ఎర్రదాని ముంగాలు పట్టుకున్నాడు. సూది దిగింది. పిచికారీలో కొంత లోపలికి పోగానే ఎర్రది ఒక్కసారి గట్టిగా ఊపిరి తీసింది, తల నా వైపు తిప్పింది, ఆ తిప్పడం మధ్యలోనే ఆగిపోయింది. మెడ మెత్తబడి బల్ల మీద వాలింది. కళ్లు తెరిచే ఉన్నాయి. వాటిలో ఇప్పటిదాకా ఉన్న చూపు లేదు.

చర్చావేదికల మీద నేను ఎన్నిసార్లు అడిగాను ఈ ప్రశ్న! ఎక్కడికి పోయింది? రెండు నిమిషాల కిందట భయపడింది, పెద్దావిడ గొంతు విని తోక ఊపింది, కాంపౌండరును చూసి గుర్రుమంది. ఇప్పుడు కాలి వేలు గట్టిగా గిల్లినా కదలదు. ఒళ్లు అక్కడే ఉంది, వెచ్చగా, జూలు మీద గుట్టల ఎర్రదుమ్ముతో సహా. గెలవడానికి వాడుకున్న ప్రశ్న నా ఎదురుగా జింకు రేకు బల్ల మీద పడుకొని ఉంది. చప్పట్లు కొట్టేవాళ్లు లేరు.

డాక్టరు సూది తీయలేదు. మందు ఇంకా ఉన్నా ఇవ్వకుండా ఆగాడు. కంటి మూల వేలితో తాకాడు. రెప్ప కొంచెం అదిరింది. ఒక చుక్క ఇచ్చాడు. మళ్లీ తాకాడు. ఇక అదరలేదు. నాలుక పట్టి పక్కకు లాగి, మెడ చాపి పెట్టాడు. ఒళ్లు చల్లబడకుండా గోరువెచ్చని నీళ్ల సీసాలు గుడ్డల్లో చుట్టి వీపు పొడవునా పెట్టించాడు.

“టీచరమ్మా, ఒక పని చేస్తరా? ఇటు నేను కోసేది చూడొద్దు. పక్కటెముకలు చూడండి. లేస్తయి, పడతయి. లేవకపోతె నోరు తెరిచి చెప్పండి.”

చూశాను. జీవితంలో దేన్నీ అంత శ్రద్ధగా చూడలేదు. ఎముకల మీద పల్చటి చర్మం లేచేది, పడేది. పడ్డాక కాస్త ఆగేది. ఆ ఆగడంలో లోకమంతా ఆగినట్టుండేది. మళ్లీ లేచేది. కాంపౌండరు తొడ లోపలివైపు నాడి మీద వేలు తీయకుండా నిలబడ్డాడు. కత్తెర చప్పుడు వినపడుతోంది. ఎముకలు లేచాయి, పడ్డాయి. పడ్డాయి. అంతే.

“ఆగింది!” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

డాక్టరు చేతిలోది వెంటనే పక్కన పెట్టాడు. తొందరపడ్డట్టు కనపడలేదు గానీ ఆలస్యం కూడా లేదు. చిగుళ్లు చూశాడు. నాలుక ఇంకాస్త ముందుకు లాగి, అరచేత్తో ఎముకల మీద మెల్లగా నొక్కి వదిలాడు. నొక్కాడు, వదిలాడు. “నాడి?” “ఉన్నది సార్.” నొక్కాడు, వదిలాడు. ఆయన చెయ్యి తీసేశాక ఎముకలు తమంతట తాము లేచాయి. చాలా కొద్దిగా. తర్వాత ఇంకొంచెం.

“ఈ మందుకు అది ఉంటది. కొద్దిసేపు ఊపిరి తీసుకునుడు మర్చిపోతది. మనం యాది చెయ్యాలె” అన్నాడాయన, మళ్లీ పని అందుకుంటూ.

కుట్లు వేస్తున్నప్పుడు ఉండబట్టలేక అడిగాను. “ఈ మందు మెదడును ఎలా పడుకోబెడుతుందండీ?”

“ఎంత ఇస్తె ఏమైతదో తెలుసు. ఎక్కువైతె ఏమైతదో తెలుసు. లోపల అసలు ఎట్ల చేస్తదో పూర్తిగా నాకు తెల్వదు, నా తోటి సదువుకున్నోళ్లకు గుడ తెల్వదు. అందుకే చెయ్యి తియ్యకుంట కూసుంటం.”

దేవుడి మహిమ అని ఎవరైనా అనుంటే ఆ రోజు కూడా పోట్లాడేదాన్ని. అన్నీ చేయగలవాడు చేస్తే అందులో వింతేముంది? జారే కళ్లద్దాల మనిషి, తనకు పూర్తిగా తెలియదని ఒప్పుకుంటూనే, ఒక ప్రాణిని చావు గడప దాకా నడిపించి, గడప దాటకుండా వేలితో పట్టుకొని నిలబడ్డాడు.

గడ్డ ఒక పళ్లెంలో ఉంది. ఎర్రదాన్ని వరండాలో గోనెపట్టా మీద పడుకోబెట్టి, పైన దుప్పటి కప్పారు. “మెడ ఇట్లనే చాపి ఉండాలె. నాలుక బయటనే ఉండాలె. లేచి నిలబడే దాక నోట్లె ఏమీ పొయ్యొద్దు. చుక్క గుడ పొయ్యొద్దు” అని చెప్పి డాక్టరు గేటు దగ్గర కట్టేసిన బర్రె వైపు వెళ్లాడు.

మధ్యాహ్నమైంది. ఎర్రది కదల్లేదు. పెద్దావిడ దాని చెవిలో మేకల పేర్లన్నీ ఒక్కొక్కటే చెప్పింది. చెవి చల్లగా ఉంది. ఊపిరి ఉందా లేదా అన్నంత సన్నగా ఉంది. ఉన్నట్టుండి నాలుగు కాళ్లూ గాలిలో ఈదడం మొదలుపెట్టాయి. తల వెనక్కి విరిగింది. నోట్లోంచి ఒక ఊళ. కుక్క ఊళలా లేదది, ఎక్కడో బావిలోంచి వచ్చినట్టుంది. తర్వాత అంతా సద్దుమణిగింది. కళ్లు తెరిచి ఉన్నా చూపు లేదు.

“పోతున్నది” అంది పెద్దావిడ. “కాళ్లు కొట్టుకున్నది. మా ఇంటాయన గుడ ఇట్లనే కొట్టుకున్నడు.”

కొంగు తీసింది. చెంబు బయటికొచ్చింది. అది ఎందుకు తెచ్చిందో అప్పుడర్థమైంది నాకు. మనలో ప్రాణం పోతున్నవాళ్ల గొంతులో నీళ్లు పోయకుండా ఎవరం పంపం. ఆమె పొద్దున ఇంట్లో బయలుదేరినప్పుడే దానికి సిద్ధపడి వచ్చింది.

ఆమె మణికట్టు పట్టుకున్నాను. “వద్దు పెద్దమ్మా! గొంతులో కాపలావాడు ఇంకా లేవలేదు. పోస్తే ఊపిరి దారిలో పడుతుంది.”

“గొంతు తడపకుంట పంపాల్నా? నా ఇంట్ల పుట్టింది. నా చేతి నీళ్లు లేకుంట పోవాల్నా?”

“పోవడం లేదు!”

“నువ్వు లేస్తదన్నవు” అంది. అరవలేదు, తిట్టలేదు. “లేస్తదన్నవు గద బిడ్డా.”

ఆమె నా పట్టు విడిపించుకుంటోంది. చెంబు అంచు దాటి నీళ్లు గోనెపట్టా మీద చిందాయి. “డాక్టరు గారూ!” అని కేకేశాను.

ఆయన వచ్చి మోకాళ్ల మీద కూర్చున్నాడు. చెంబు లాక్కోలేదు. చిగురు నొక్కి చూశాడు, తొడలో నాడి చూశాడు. తర్వాత ఆమెతో అన్నాడు: “నీళ్లు పోద్దువు గాని అమ్మా. ముందుగల ఒక్క పని చెయ్యి. ఆ నీళ్లల్ల నీ చెయ్యి తడుపుకో.”

ఆమె అర్థంకాక చూసింది. తడుపుకుంది.

“అరచెయ్యి కాదు, ఎనక పక్క. దాని ముక్కు ముందట పెట్టు. కదిలియ్యకు.”

పెట్టింది. గేటు దగ్గర బర్రె అరిచింది. పెద్దావిడ కనుబొమ్మలు ముడిపడి, మెల్లగా విడిపోయాయి.

“ఏమైతున్నదమ్మా?”

“సల్లగ తగులుతున్నది సారూ.” కాసేపాగి, “మల్ల తగిలింది.”

“అదే ఊపిరి. ఎండిన చేతికి దొరకదు, తడి చేతికి దొరుకుతది. కాళ్లు కొట్టుకున్నది సావుకు గాదు, తెలివికి. మత్తు దిగేటప్పుడు అట్లనే కొట్టుకుంటది, అరుస్తది. నీ చేతికి సల్లగ తగులుతున్నంతసేపు అది ఈడనే ఉన్నది. తగలకపోతె నన్ను పిలువు. చెయ్యి ఆరిపోతె మల్ల తడుపుకో. ఇగ కాపలా నీదే.”

ఆయన బర్రె దగ్గరికి వెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నమంతా ఆమె ఆ చెయ్యి తీయలేదు. చావుకని తెచ్చిన నీళ్లలో ముంచడం, ముక్కు ముందు పెట్టడం. నేను ఏమీ అడగకుండానే “ఉన్నది” అనేది. కాసేపటికి మళ్లీ “ఉన్నది.” దారిన పోయేవాళ్లు ఆగి చూస్తే, వాళ్లకూ “ఉన్నది” అని చెప్పేది. నేనూ చెయ్యి తడుపుకొని పక్కన పెట్టాను. మొదట ఏమీ లేదు. తర్వాత చర్మం మీద ఒక గీత గీసినట్టు చల్లదనం వచ్చి పోయింది. మళ్లీ వచ్చింది. నేను పుట్టినప్పటి నుంచి నాలో వచ్చిపోతున్నది, నా చుట్టూ ఇంతమందిలో వచ్చిపోతున్నది, ఇదే కదా! వేదికల మీద ప్రాణం గురించి గంటలు గంటలు మాట్లాడాను. దాన్ని చేత్తో ముట్టుకోవడం అదే మొదటిసారి. తడి ఆరితే ఎందుకు తెలియదో, ఆవిరయ్యే నీటికి చల్లదనం ఎందుకో పిల్లలకు నేనే పాఠం చెప్పేదాన్ని. కారణం తెలిసినంత మాత్రాన ఆ వింత కాస్తయినా తగ్గలేదు.

ఎండ వరండా మెట్టు దిగుతున్నప్పుడు ఎర్రదాని ముక్కు అదిరింది. రెప్పలు మూతపడి మళ్లీ తెరుచుకున్నాయి. ఈసారి కళ్లలో ఎవరో ఉన్నారు. బయట వేలాడుతున్న నాలుక మెల్లగా కదిలి, ముందున్న తడి చేతిని ఒకసారి నాకింది, లోపలికి పోయింది. గొంతు ఒకసారి పైకి కదిలి కిందికి దిగింది.

“సారూ!” అని పెద్దావిడ అరిచిన అరుపుకు బర్రె బెదిరింది.

డాక్టరు దూరం నుంచే అడిగాడు. “మింగిందా?”

“మింగింది! నా చెయ్యి నాకి మింగింది!”

“అయితె కాపలావాడు లేచిండు.”

ఎర్రది ముందు తల ఎత్తింది, అది బరువై దించింది. తర్వాత ముంగాళ్ల మీద లేచి, వెనక కాళ్లు తాగినవాడిలా తడబడి కూలబడింది. చివరికి నిలబడింది. వంకరగా, వణుకుతూ, దుప్పటి ఒక భుజం మీద వేలాడుతుండగా నిలబడి, ఇవన్నీ ఎవరి కోసమన్నట్టు మా వైపు చూసింది. టాంగా ముసలాయన గేటు దగ్గర టోపీ తీసి తల గోక్కున్నాడు.

పెద్దావిడ చెంబులోకి చూసుకుంది. సగం మిగిలాయి. గుమ్మరిస్తుందనుకున్నాను. ఆమె తల వెనక్కి వంచి, గటగటా తాగింది. నిన్న సాయంత్రం నుంచి ఆమె గొంతులో పడ్డ మొదటి నీళ్లు అవి. మూతి తుడుచుకొని, అడుగున మిగిలినవి నా ముందు పెట్టింది.

“తాగు పంతులమ్మా. నీ రోజా గుడ అయిపోయింది.”